చెవి దులుపుడు

201వ రోజు. ఏడో ఆకు, రెండు తలుపులూ. ఆరు సంచులు. అన్నం, పప్పు, గుర్తుపట్టలేనిది.

ఓలె ఉడతా,

ఈ పుస్తకంలో తుడిచింది తప్ప ఇంకేదీ రాయకూడదు. ఏ రోజు, ఏ ఆకు, ఏ తలుపు, ఎన్ని సంచులు, కక్కులో ఏమేం కనిపించాయి. తిండిలో ఏదైనా చెడితే పట్టుకోవడానికట. నువ్వున్నప్పుడు బుద్ధిగా అంతే రాసేదాన్ని. ఇప్పుడు నీతో మాట్లాడటానికి నాకు వేరే కాగితం లేదు. ఐదో తరగతి చదువు. తప్పులుంటే ఎప్పటిలాగే నవ్వుకో.

నువ్వు పోయి పన్నెండు రోజులు. మూడు రోజులు సెలవిచ్చారు. నాలుగో రోజున మళ్ళీ గుడ్డ పట్టుకున్నాను. చుక్కల మధ్య తిరిగే మన ఊళ్ళో ఇళ్ళన్నీ చక్రం పట్టాలో, పనంతా నడిమధ్యన ఇరుసులో, రెంటినీ కలుపుతూ ఈ ఆకులు. బండి చక్రం కళ్ళతో చూడని వాళ్ళం, బండి చక్రం పేర్లే పెట్టుకున్నాం. ఆకులో పైకి పోయేకొద్దీ ఒళ్ళు తేలికవుతుంది, కడుపు గొంతులోకి వస్తుంది. పంటల వేర్లకి బరువు చాలడం లేదని చక్రం వడి పెంచారు కదా, అప్పటినుంచి రోజుకి రెండు సంచుల దాన్ని ఆరు, ఏడు నింపుతున్నాను.

కింది తలుపు దగ్గర కక్కు నేలమీద పడుతుంది, అది నయం. పై తలుపు దగ్గర పడదు. ముద్దలు ముద్దలుగా గాలిలో నిలబడుతుంది. ఈగని పట్టినట్టు గుడ్డతో పట్టుకోవాలి. తప్పిపోయింది నా జుట్టులోకి వస్తుంది. నువ్వు నా తల వాసన చూసి, "అమ్మా, ఈ రోజు ఎవరింట్లో చారు?" అనేదానివి. ఛీ పొమ్మనేదాన్ని.

ఇప్పుడు ఎవరూ వాసన చూడటం లేదు. నాకే వస్తోంది.

204వ రోజు. ఏడో ఆకు, పై తలుపు. నాలుగు సంచులు. ఉలవలు.

ఎముకల మర కూర్మయ్య కబురు పెడితే వెళ్ళాను. ఇక్కడ పోయినవాళ్ళని కాల్చరు, గాలి ఖర్చవుతుందని. చాకలి సోడాలా ఒళ్ళు కాల్చే కారపు నీళ్ళ తొట్టిలో వేస్తారు. కండంతా కరిగి జావ అవుతుంది. జావ పంటలకి, ఎముకలు మరకి. రాయాలంటే చెయ్యి రోస్తోంది. అయినా రాస్తాను. నేను తొమ్మిది నెలలు మోసిన ఒంటిని జావ చేశారు. ఆ పంటే రేపు నా కంచంలోకి వస్తుంది.

మర మింగలేనివి రెండే ఎముకలట, చెవుల వెనక లోపలున్నవి. ఒంట్లో వాటికంటే గట్టివి లేవట. అందుకే వాటిని కన్నవాళ్ళకి ఇస్తారు. కూర్మయ్య ఒక రేకు డబ్బాలో పెట్టి ఇచ్చాడు. తెరిస్తే చింతగింజ కంటే కాస్త పెద్దవి, గరుకుగా, ఒకటి కుడిది, ఒకటి ఎడమది. కుడిదాని మీద ఎర్ర దారం కట్టాడు.

"ఇదేటన్నా, పిల్లనిమ్మంటే రాళ్ళిచ్చావు," అన్నాను.

"రాళ్ళు కావప్పా. దీని లోపల పెద్ద ఇల్లుంది," అన్నాడు ఆయన. నాకు వినబుద్ధి కాలేదు. వచ్చేశాను.

205వ రోజు. ఏడో ఆకు. ఐదు సంచులు.

చావు కాగితం ఇవ్వడానికి మేస్త్రి తవిటినాయుడు గదికి పిలిచాడు. చదివి వినిపించాడు. పేరు సూరీడమ్మ, వయసు ఇరవై రెండు. ఇరుసు నుంచి నిచ్చెన మీద దిగుతూ చేతులు వదిలి పడిపోయింది. కళ్ళు పరీక్షించడమైనది, బాగున్నాయి. కడుపు ఖాళీ. కారణం: తిండి లేక నీరసం.

నాకు చెవులు గింగురుమన్నాయి.

"పిల్లకి సరిగ్గా తిండెట్టనేదేటి అప్పా?" అన్నాడు. మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్నందుకు ఇంకా రోత పుట్టింది.

"ఎట్టాను బాబూ."

"మరి కడుపులో ఏటీ నేదని రాసుంది. నానేటి సేస్తాను, పెట్టె ఏటి సెప్తే అదే రాస్తాను."

పెట్టె అంటే వైద్యం గుమ్మంలో ఉండే మాటల పెట్టె. దాని ముందు నిలబడి బాధ చెప్పుకోవాలి, ఎటు పోవాలో అది చెబుతుంది. నువ్వు ఐదుసార్లు నిలబడ్డావు. "కళ్ళు తిరుగుతన్నాయి" అన్నావు. మొదటి నాలుగుసార్లూ కళ్ళ గదికి పంపింది. నాలుగుసార్లూ చుక్కల మందు వేశారు. ఐదోసారి తొందరలో "కల్లు తిరుగుతన్నాది" అన్నావట, తాగి వచ్చిందని రాసింది. ఆ సాయంత్రం ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. నవ్వుకున్నాం కదే ఉడతా. అది తలచుకుంటే నా నోరు నాకే అసహ్యంగా ఉంది.

ఇంకొకటి కూడా రాసుకోవాలి. నువ్వు మొదటిసారి నాతో "అమ్మా, కళ్ళు తిరుగుతన్నాయి" అన్నప్పుడు నేనేమన్నాను? "తినకపోతే తిరగవేటి మరి?" అన్నాను. మా అమ్మ నాతో అదే అంది, వాళ్ళమ్మ ఆమెతో అదే అని ఉంటుంది. పెట్టెకీ నాకూ తేడా ఏముంది?

208వ రోజు. ఏడో ఆకు, పై తలుపు. ఏడు సంచులు.

ఈ రోజు పాత కాగితాలు వెనక్కి తిప్పాను. 189వ రోజు, నువ్వు పోయిన రోజు, మొదటి సంచితోనే నా పని ఆగిన రోజు. నా చేతి రాతే. "ఏడో ఆకు, పై తలుపు. ఒక సంచి. అన్నం, చిక్కుడు గింజలు, మెంతులు."

చిక్కుడు గింజల కూరలో మెంతులు వేసేది ఈ చక్రం మొత్తంలో నేనొక్కదాన్నే. వంటవాళ్ళంతా నవ్వుతారు.

ఆ పొద్దున ఆ ముద్దని గాలిలో చూశాను. మెంతులు కనిపించాయి. కనిపించినా ఏమీ తోచలేదు. "ఏ ముండకి పుట్టిందో, తిన్నదంతా నా నెత్తిన కక్కింది," అని తిట్టుకుంటూ గుడ్డతో పట్టుకున్నాను. అప్పుడు నువ్వు పైన నిచ్చెన దగ్గరే ఉన్నావు. నోరు తుడుచుకుంటూ ఉండి ఉంటావు. తల పైకెత్తి పిలిచి ఉంటే పలికేదానివి.

నా బిడ్డ చివరి ముద్దని సంచిలో వేసి మూతి కట్టాను. నన్ను నేను తిట్టుకుంటూ కట్టాను, అది నాకే తెలియదు.

అయినా ఒకటి తేలింది. నువ్వు తిన్నావు. నేను పెట్టాను, నువ్వు తిన్నావు. కాగితం అబద్ధం.

210వ రోజు. ఏడో ఆకు. ఐదు సంచులు.

నీ జతగత్తె నూకరత్నం ఇంటికి వచ్చింది. ఇరుసు బయట పనిలో నువ్వు పట్టిన తాడు ఇప్పుడు అది పడుతోంది. వచ్చి గోడకి వీపు ఆనించి కూర్చుంది, తల అటూ ఇటూ కదపకుండా, నెత్తిన నీళ్ళ బిందె ఉన్నట్టు.

"పిన్నీ, కళ్ళు తిరుగుతన్నాయి."

"తిన్నా..." అని నాలుక కరుచుకున్నాను. రక్తం వచ్చింది.

"తిన్నానే. తిన్నదంతా ఆకులోనే పెట్టాను. నువ్వే తుడిచుంటావు, తిట్టుకోకు."

"ఎప్పుడెప్పుడు తిరుగుతున్నాయి?"

"పక్కమీద ఒత్తిగిలితే. పైకి సూస్తే. గది మొత్తం గిర్రుమంటాది. ఒక నిమిషం, అంతే, మళ్ళీ ఏటీ కానట్టే ఉంటాది. పెట్టె కళ్ళ గదికే పంపింది. కళ్ళు బాగున్నాయని చీటీ ఇచ్చారు. ఆ చీటీ ఉంటే పనికి పోకుండా కుదరదు. ఎల్లుండి పొద్దున్న నా వంతు, ఇరుసు బయట తాడు మీద."

దాని ముఖం పాలిపోయి ఉంది. పెదాల మూలల్లో ఎండిన కక్కు తెల్లగా అంటుకుని ఉంది. పుట్టెడు రోత పుట్టింది నాకు. దాని మీద కాదు. మళ్ళీ ఇదే ఆకు, ఇదే తాడు, ఇదే చీటీ. మళ్ళీ నేనే గుడ్డ పట్టుకుని పైకెక్కాలి.

"అచ్చం సూరీడమ్మకి వచ్చినట్టే వచ్చింది పిన్నీ," అంది. అని ఏడ్చింది. ఏడవడానికి తల వంచబోయి, భయపడి, తల నిటారుగానే పెట్టి ఏడ్చింది.

211వ రోజు. ఏడో ఆకు. మూడు సంచులు. తక్కువ తుడిచాను, మిగిలింది రేపు.

డబ్బా తీసుకుని కూర్మయ్య దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, లోపల ఇల్లుందన్నావు. ఏటా ఇల్లు?"

ఆయన మర ఆపాడు. చేతులు కడుక్కుని వచ్చి, పీట వేశాడు. "అప్పా, నాను పుట్టుకతో ఎముకల మర వాడిని కాను. ముప్ఫై ఏళ్ళ కిందట ఇక్కడ చెవి దులిపేవాడిని. వారానికోసారి ఇరుసు వాళ్ళంతా నా మంచం ముందు వరస కట్టేవారు. పెట్టె వచ్చాక మంచం తీసేశారు."

చెవి దులుపుడు అనే మాట మా అమ్మ నోట విన్నాను. గుబిలి తీయడం అనుకునేదాన్ని.

అప్పుడు చెప్పాడు. ఈ ఎముక లోపల గుల్లగా ఉంటుందట. ముందు వైపు నత్త గుల్లలాంటి చుట్ట, అది వినడానికి. వెనక వైపు మూడు సన్నటి గొట్టాలు, సగం విరిగిన గాజుల్లా, ఒక్కోటి ఒక్కో వైపుకి వంగి. వాటి నిండా నీళ్ళు. తల తిప్పితే ఆ నీళ్ళు కదులుతాయి, నీళ్ళతో పాటు లోపలి వెంట్రుకలు వంగుతాయి, ఎటు తిరిగామో అలా తెలుస్తుంది. చుట్టకీ గొట్టాలకీ మధ్య రెండు సంచులు. సంచుల్లో జిగురు, జిగురు మీద పిండిలాంటి రాళ్ళు.

"జిగురు, వెంట్రుకలు, రాళ్ళు. ఛీ, చెవిలో ఇంత రోతా అన్నా?"

"ఆ రోత వల్లనే కింద ఏదో పైన ఏదో తెలుస్తాది మనకి. రాళ్ళ బరువు ఎటు లాగితే అటు కింద. చక్రం కుదుపుకి ఆ రాళ్ళు జిగురు వదిలి గొట్టంలోకి జారిపోతాయి. అక్కడ అవి ఉండకూడదు. తల ఎత్తితే చాలు, రాళ్ళు దొర్లి నీళ్ళని తోస్తాయి. మనిషి కదలకపోయినా గిర్రున తిరిగినట్టు చెవి అబద్ధం చెప్తాది. వడి పెంచాక కుదుపులు పెరిగాయి కదా."

"నా పిల్లకి అదే అయిందంటావా?"

"ఊరికే సెప్పలేను. కోసి సూడాలి."

డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకున్నాను. నీది అని నాకు మిగిలినవి ఆ రెండే. నీ జుట్టు లేదు, గోరు లేదు. ఒకదాన్ని రంపం కిందపెట్టాలి. వద్దు అనుకుని లేచాను కూడా. గుమ్మం దాకా పోయాక, తల నిటారుగా పెట్టి ఏడ్చిన ఆ గుంట, నూకరత్నం, గుర్తొచ్చింది.

ఎర్ర దారం విప్పి, కుడిది ఇచ్చాను.

రంపం చప్పుడు సన్నగా వచ్చింది. పన్ను అరగదీస్తున్న వాసన కొట్టింది. వాంతి వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పాతికేళ్ళు ఇతరుల కక్కు తుడిచిన దానికి నాకే కక్కొచ్చింది. కూర్మయ్య ఎముక సగాన్ని భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. నత్త చుట్ట కనిపించింది, చాలా అందంగా ఉంది, అంత అందంగా ఉన్నందుకు ఒళ్ళు మండింది. వెనక గొట్టాలు మూడు. రెండు శుభ్రంగా ఉన్నాయి. కిందికి వంగిన దాని గోడకి తెల్లటి పొడి, కారపు నీళ్ళు కూడా కరిగించలేని పొడి, ఎండి పేరుకుని ఉంది.

"అవే," అన్నాడు.

చిటికెడు కూడా లేదే ఉడతా. గోటి మీద పెడితే కనిపించదు.

"దీనికి మందేటన్నా?"

"మందు లేదప్పా. మంచం చాలు. ఐదు నిమిషాలు."

ఐదు నిమిషాలు అన్నాడు. ఆ మాట మింగలేక ఇక్కడ రాస్తున్నాను.

212వ రోజు. పొద్దున్న. ఇంకా ఆకు ఎక్కలేదు.

నూకరత్నాన్ని పని వేళకి ముందే మా మంచం మీద కూర్చోబెట్టాం. ముందు ఏ చెవో చూడాలి. కూర్మయ్య దాని ముఖం కుడికి సగం తిప్పి, ఒక్కసారిగా వెల్లకిలా పడుకోబెట్టాడు. తల మంచం అంచు దాటి కాస్త వేలాడింది.

"ఓలమ్మో! పిన్నీ, పట్టుకో, పడిపోతన్నాను!"

"పడవే. మంచం మీదున్నావు."

"కళ్ళు తెరిచుంచు గుంటా," అన్నాడు కూర్మయ్య. "అప్పా, దాని కళ్ళు సూడు."

చూశాను. తిరుగుతున్నాయి. నిజంగానే తిరుగుతున్నాయి. నల్లగుడ్లు రెండూ గుంజుకుంటూ గుంజుకుంటూ చక్రంలా పక్కకి తిరుగుతున్నాయి, మళ్ళీ వెనక్కొచ్చి మళ్ళీ తిరుగుతున్నాయి. కళ్ళు తిరుగుతున్నాయి అని మొదట అన్న ముసలమ్మ ఎవరో ఇది చూసే అంది. మాటలో తప్పు లేదు. మనం కళ్ళ దగ్గరే ఆగిపోయాం, పెట్టె కూడా కళ్ళ దగ్గరే ఆగిపోయింది. తిప్పేది వెనకాల చెవి.

కళ్ళు ఆగేదాకా అలాగే ఉంచాడు. తరవాత ముఖాన్ని మెల్లగా ఎడమకి తిప్పి కాసేపు. తరవాత ఒళ్ళంతా ఎడమ పక్కకి ఒత్తిగిలించి, ముక్కు నేలకేసి పెట్టి ఇంకాసేపు. అప్పుడు అది కక్కింది. నా పాదాల మీద. వెచ్చగా. నేను కదల్లేదు. ఆ తరవాత లేపి కూర్చోబెట్టి గడ్డం దించాడు.

కాసేపు ఉండి మళ్ళీ పడుకోబెట్టి చూశాం. కళ్ళు కదలలేదు.

"ఏటైంది పిన్నీ? ఆగిపోయింది," అంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, పైకి చూసింది. పిచ్చిదానిలా తల ఊపుతూనే ఉంది.

నేను పాదాలు కడుక్కోవాలని బయటికి పోయి, గోడ చాటున కూర్చుని ఏడ్చాను. అది బతికినందుకు సంతోషపడాలి. పడ్డాను కూడా. దానికంటే ముందు దాని మీద కుళ్ళు వచ్చింది నాకు. ఈ మంచం మీద నువ్వు పడుకోవాల్సింది. నాలో ఇలాంటి కుళ్ళు కూడా ఉందని నీకు చెప్పకుండా ఎలా ఉండను?

212వ రోజు. ఏడో ఆకు, మేస్త్రి గది. ఒక సంచి. ఉలవచారు.

పుస్తకం పట్టుకుని తవిటినాయుడు దగ్గరికి వెళ్ళాను. 189వ రోజు కాగితం తెరిచి బల్ల మీద పెట్టాను.

"మెంతులు," అని వేలు పెట్టి చూపించాను. "కడుపు ఖాళీగా ఉన్న మనిషి మెంతులు కక్కుతుందా బాబూ? ఇది నీ పుస్తకమే, నీ సంతకం కింద ఉంది. కాగితం దిద్దు. నూకరత్నం చీటీ మీద కళ్ళు కొట్టేసి చెవి అని రాయి. మంచం మళ్ళీ వేయించు."

"అప్పా, పెట్టెని కాదని నాను రాస్తే నా మేస్త్రి పని ఊడతాది."

"నీకెప్పుడూ తిరగలేదా?"

ఆయన పుస్తకం మూశాడు. తెరిచాడు. "పక్కమీద ఒత్తిగిలినప్పుడు కొంచెం," అన్నాడు. "మీ వదినకి సెప్తే ఉలవచారు ఎక్కువ తాగమంది."

"బల్ల ఎక్కు."

"ఏటి?"

"బల్ల ఎక్కి పడుకో బాబూ. నీకంటే చిన్న గుంట పడుకుంది పొద్దున."

ఏమనుకున్నాడో, ఎక్కాడు. కూర్మయ్య పెట్టినట్టే తల పట్టుకున్నాను. కుడికి తిప్పితే ఏమీ లేదు. ఎడమకి తిప్పి వేయగానే మేస్త్రి గారు "అమ్మోయ్" అని నా రెండు చేతులూ గీరేశాడు. గుడ్లు గిర్రున తిరిగాయి. ఎడమ చెవి కాబట్టి అన్నీ తిరగేసి చేశాను, ముఖం కుడికి, ఒళ్ళు కుడికి, ముక్కు నేలకి. బల్ల మీద, కాగితాల మీద, నా చెంగు మీద కక్కాడు. అంతా ఉలవచారు. గది నిండా పులిసిన కంపు.

కూర్చున్నాక నెమ్మదిగా పైకప్పు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టాను. నా పని కదా.

"ఉండప్పా, నాను తుడుస్తాను," అన్నాడు. చేతకాలేదు, ఇంకా పులిమాడు. తరవాత, తడిసిన నీ చావు కాగితం తీసి, తిండి లేక నీరసం అన్న గీత మీద గీత కొట్టి, కింద చేత్తో రాశాడు: "తిన్నది. తల్లి పెట్టింది. చెవి రాళ్ళు జారి పడిపోయింది." సంతకం పెట్టాడు. కాగితానికి ఇంకా కంపు కొడుతోంది. డబ్బాలో ఎడమ ఎముక కింద మడిచి పెట్టుకున్నాను.

చక్రం వడి తగ్గించడం ఆయన చేతిలో లేదన్నాడు. పెట్టె చేత చెవి అనిపించడం కూడా లేదన్నాడు. మంచం మాత్రం ఏడో ఆకు కింద వేయిస్తానన్నాడు. కూర్మయ్యకి సగం రోజు అక్కడ పని.

216వ రోజు. ఏడో ఆకు. నాలుగు సంచులు.

నూకరత్నం తాడు మీద పని చేసి దిగింది. దిగేటప్పుడు కింది తలుపు దగ్గర నన్ను చూసి తల గిరగిరా ఊపి చూపించింది. నాకు నవ్వు వచ్చింది, తరవాత రోత వచ్చింది, నవ్వినందుకు. రెండూ వస్తాయి కాబోలు ఇక మీద.

ఉడతా, నీతో ఇంకా చాలా చెప్పాలి, కానీ కాగితం అయిపోతోంది. ఈ చివరి ముక్క నీకు కాదు. నా తరవాత ఈ గుడ్డ పట్టుకుని ఈ పుస్తకం తెరిచే అమ్మకి, ఈ ఆకు ఎక్కి దిగే పిల్లలకి.

పెట్టె ముందు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పండి, ఆ మాట నిజమే. అది కళ్ళ గదికి పంపితే పోకుండా ఏడో ఆకు కింద కూర్మయ్య మంచం దగ్గరికి రండి. తినలేదా అని ఎవరైనా అడుగుతారు. మీ అమ్మ అడుగుతుంది, నాలాంటి ఏ అమ్మయినా అడుగుతుంది. తిన్నాను అని చెప్పగలగాలి మీరు. ఆ తరవాత ఇంకెవరూ ఆ సాకుతో మిమ్మల్ని వెనక్కి పంపలేరు. కక్కుకుంటే కక్కుకోండి, ఏం కక్కారో ఇక్కడ రాసిపెడతాం, మేం తుడుస్తాం.

మీరు మాత్రం కడుపు నిండా తినండి.